నక్షత్రమత్స్యము చెప్పిన పాఠము

వేఁటాడు జంతువును తొలగించినచో దాని వాతఁబడు ప్రాణులన్నియు సుఖముగా వర్ధిల్లునని మనము సామాన్యముగా తలఁతుము. నేనును చాలకాల మట్లే తలఁచితిని. రాబర్ట్ పెయిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుఁడు కడలియొడ్డున చేసిన పరీక్షను గూర్చి చదివిన పిమ్మట నా తలఁపు మారినది. ఆ వృత్తాంతమునే నేఁడు మీకు విన్నవించెదను.

పెయిన్ 1933లో మసాచుసెట్సు రాష్ట్రమున జన్మించెను. 1962లో సియాటిల్ నగరమందలి వాషింగ్టను విశ్వవిద్యాలయమున అధ్యాపకుఁడుగా చేరెను. ఆనాఁడు ప్రకృతిపరిశోధకులలో పెక్కురు జీవులను చూచుటతోను, లెక్కించుటతోను తృప్తినొందుచుండిరి. పెయిన్ అట్లుగాక, ఒక జీవిని తీసివైచి, మిగిలినవాని కేమగునో చూడఁదలఁచెను.

ఇందులకై 1963లో ఆయన పసిఫిక్ మహాసముద్రతీరమున, మకా అను ఆదిమజాతివారి సీమయందు, ఒక రాతియొడ్డు నెన్నుకొనెను. అచ్చటి శిలలపై నక్షత్రమత్స్యములు ఆలిచిప్పలను తినుచు బ్రతుకుచుండును. సుమారు 8 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తు గల భాగమునుండి వానిని గునపముతో పెకలించి సముద్రములోనికి విసరివైచెను. ప్రక్కభాగమును ముట్టక విడిచెను. పలుమారులు మరల వచ్చి, క్రొత్తగా చేరినవానిని తొలగించుచుండెను.

ఫలిత మేమి? ఆలిచిప్పలు అడ్డులేక పెరిగి రాతిని ఆక్రమింపసాగెను. తావు చాలక తక్కిన జీవులు ఒకటొకటిగా తొలగిపోయెను. మొదట 15 జాతు లున్నచోట 8 మాత్రమే మిగిలెను. ముట్టని భాగమున నట్టి మార్పు లేదు. తినువాఁడే పలువురకు చోటు కల్పించుచున్నాఁడని తేలినది. ఈ సంగతిని పెయిన్ 1966లో ప్రకటించెను.

కమాను నడినెత్తిన నొక రాయి యుండును. దానిని లాగినచో కమానంతయు కూలును. 1969లో పెయిన్ ఇట్టి జీవులకు ఆ రాతి పేరే పెట్టెను. మనము వానిని కీలకజాతు లనవచ్చును. ప్రతి జీవియు నిట్టిది కాదు. ఏది కీలకమో చూచినంతనే చెప్పుట కష్టము, పరీక్షింపవలయును.

1971లో అలాస్కా దీవులయందు జేమ్స్ ఎస్టెస్ అను యువకుఁడు పెయిన్‌ను కలిసికొని, సముద్రపు నీరుకుక్కల నీ దృష్టితో పరిశీలింప మొదలిడెను. బొచ్చుతోళ్లకై మనుష్యులు వానిని రూపుమాపిన దీవుల చుట్టును, అవి తిను ముండ్లబంతులవంటి జీవులు ప్రబలి నాచువనములను మేసివైచినవని కనుఁగొనెను.

పెయిన్ 2016లో కాలధర్మము నొందెను. ఒక జీవిని హానికరమని తుడిచివైచుటకు ముందు, అది యే కమానును నిలుపుచున్నదో యని మన మడుగవలదా?