లివింగ్ గైడ్‌లైన్

చికిత్సావిధానమును నిర్దేశించు పత్రము ఒకమారు వెలువడిన పిమ్మట ఏండ్ల తరబడి మారకుండుట వైద్యలోకమున వాడుకయే. కాని ఆధారములు కుదురుకొనక మునుపే రోగులు ఆసుపత్రి గుమ్మము తొక్కునపుడు, పరిశోధనలు వెలువడిన కొలది ఆయా భాగములను మాత్రమే సవరించుచు పోవు పత్రము కావలసివచ్చును. దానినే లివింగ్ గైడ్‌లైన్ అందురు.

లాంగ్ కోవిడ్ విషయమై బ్రిటనులో వైద్య మార్గదర్శకములను రూపొందించు నైస్ సంస్థ మరి రెండు సంస్థలతో కలసి 2020 డిసెంబరులో ప్రకటించి, 2021 నవంబరులో సవరించిన మార్గదర్శకము ఇట్టిదే. కోవిడ్ లక్షణములు 12 వారములు దాటియు నిలిచి, వాటికి వేరొక కారణము కానరానియెడల దానిని పోస్ట్-కోవిడ్ సిండ్రోమ్‌గా ఎంచవలెనని అది నిర్వచించినది.

మార్పు యొక్క ప్రయోజనము వ్యాయామ విషయమున స్పష్టమగును. లాంగ్ కోవిడ్ వలెనే తీరని నిస్త్రాణ కలిగించు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ రోగులలో కొందరికి, క్రమక్రమముగా వ్యాయామమును పెంచవలెనని 2007 నాటి నైస్ మార్గదర్శకము చెప్పియుండెను; శ్రమించిన మరునాడు తాము మరింత క్రుంగిపోవుచున్నామని రోగులు ఎంత మొరపెట్టుకొన్నను, దానిని సోమరితనముగా ఎంచినవారు లేకపోలేదు. కోవిడానంతర నిస్త్రాణకు ఆ సలహా వర్తించునని భావింపరాదని 2020 జూలైలోనే నైస్ హెచ్చరించి, మరుసటి యేడు అక్టోబరులో క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ మార్గదర్శకము నుండియే ఆ చికిత్సను తొలగించినది. నా దృష్టిలో ఇది ప్రయోగశాలల విజయము కంటె రోగుల పట్టుదల ఫలితమే. శ్రమానంతరము లక్షణములు ముదురు లాంగ్ కోవిడ్ రోగులకు, ఉన్న శక్తిని పొదుపుగా వాడుకొను మెలకువలను నేర్పవలెనని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు సూచించినది.