చెక్కే యంత్రానికి ఎంత వేగం?



గుమ్మానికి పేరు పలక, దేవుడి మందిరానికి తలుపులు - ఇలాంటివి ఒకప్పుడు వడ్రంగి ఉలీ సుత్తీ పట్టుకుని రోజుల తరబడి చెక్కేవాడు. ఇవాళ బల్ల మీద పట్టేంత సీఎన్‌సీ యంత్రం తెచ్చుకుని, ఇంట్లోనే ఈ పని చేసి నాలుగు డబ్బులు సంపాదించుకునే ఆడవాళ్ళున్నారు. నేనూ వాళ్ళలో ఒకదాన్ని. కంప్యూటర్లో బొమ్మ గీసిస్తే గిర్రున తిరిగే బిట్టు ఆ ప్రకారమే చెక్కను తొలుచుకుపోతుంది. అంతా అదే చేసుకుంటే ఇక మన పనేముంది అంటారా? ఉందండీ. ఏ వేగంతో నడవాలో దానికి మనమే చెప్పాలి.

ముఖ్యంగా రెండు వేగాలు. బిట్టు చెక్క మీద అడ్డంగా సాగే వేగం ఫీడ్ రేటు. పైనుంచి చెక్కలోకి నిలువుగా దిగే వేగం ప్లంజ్ రేటు. రెండింటినీ నిమిషానికి ఇన్ని మిల్లీమీటర్లని లెక్క కడతారు.

కొత్తలో నేను చేసిన పొరపాటు చెబుతాను. గృహప్రవేశానికని ఒకరు టేకు పలక ఇచ్చి పేరు చెక్కమన్నారు. ఖరీదైన చెక్క, ఎందుకైనా మంచిదని ఫీడ్ రేటు 200కి తగ్గించాను. బిట్టు మాత్రం నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతోంది. పొయ్యి మీద పాలున్నాయని వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి గదంతా మాడు వాసన! అక్షరాల అంచులు నల్లబడిపోయాయి. పొట్టులో నిప్పు రవ్వ రాజుకుంటోంది. నిదానమే ప్రధానం అనుకున్నానా, అదే కొంప ముంచబోయింది.

ఎందుకలా జరిగింది? కుట్టుమిషను గుర్తు తెచ్చుకోండి. సూది ఒకసారి దిగి మళ్ళీ దిగేలోగా గుడ్డ ఎంత జరిగితే అంత కుట్టు పొడవు. ఇక్కడ కూడా బిట్టుకున్న ఒక్కొక్క పన్ను చుట్టుకు ఎంత మందం కోస్తుందో దాన్ని చిప్ లోడ్ అంటారు. గుడ్డ జరక్కపోతే సూది ఒకేచోట పొడిచి గుడ్డ చివికిపోతుంది కదా. అలాగే బిట్టు సరిగా ముందుకు సాగకపోతే పన్ను చెక్కను కోయదు, రుద్దుతుంది. కోసినప్పుడు పుట్టే వేడి చాలావరకు పొట్టుతో బయటికి పోతుంది. రుద్దినప్పుడు అక్కడే నిలిచిపోతుంది. చెక్క మాడుతుంది, బిట్టు పదును పోతుంది.

లెక్క కష్టమేం కాదు. చుట్లను పళ్ళతో, వచ్చినదాన్ని చిప్ లోడ్‌తో హెచ్చవేయండి. రెండు పళ్ళున్న 6 మి.మీ. బిట్టు 12,000 చుట్లు తిరిగితే నిమిషానికి 24,000 కోతలు. చిన్న యంత్రం మీద చిప్ లోడ్ 0.05 మి.మీ.తో మొదలుపెడితే ఫీడ్ రేటు 1,200. నేను పెట్టిన 200కి ఒక్కొక్క కోత మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేదన్నమాట! 3 మి.మీ. బిట్టు సన్నం కనుక 0.03 తీసుకోండి, 720 వస్తుంది.

అలాగని మరీ పెంచితే బిట్టు విరుగుతుంది. లేదా మోటారు లెక్క తప్పి బొమ్మ పక్కకు జరిగిపోతుంది. లోతు కూడా ఒక్కసారే తీయకూడదు. 6 మి.మీ. బిట్టుతో విడతకు 1.5 మి.మీ. చొప్పున మొదలుపెట్టండి. 6 మి.మీ. లోతుకు నాలుగు విడతలు.

ఇక ప్లంజ్ రేటు. బిట్టు పక్కలతో కోసినంత సులువుగా అడుగుతో కోయలేదు, పొట్టు పైకి రావడానికి దారీ తక్కువే. అందుకని ఫీడ్ రేటులో మూడో వంతు పెట్టండి - 1,200కి 400. కొన్ని బిట్లకు అడుగున నడిమధ్య కోసే అంచే ఉండదు. వాటిని నిలువుగా దింపనే కూడదు. ర్యాంప్ అనే ఏర్పాటు ఎంచుకుంటే వాలుగా దిగుతాయి.

ఒక జాగ్రత్త. కొన్ని ప్రోగ్రాములు వేగాన్ని సెకనుకు అడుగుతాయి. అక్కడ 1,200 బదులు 20 వేయాలి. చూసుకోకపోతే అరవై రెట్లు!

అసలు పలక ముట్టుకోకముందు అదే రకం చెక్క ముక్క మీద చూడండి. పొట్టు సన్నటి రేకుల్లా రాలితే సరి. పిండిలా వస్తే ఫీడ్ పెంచండి, లేదా చుట్లు తగ్గించండి. ఎండీఎఫ్ ఎలాగూ పొడే రాలుస్తుంది, దానికి ఈ పరీక్ష పనికిరాదు. యంత్రం దడదడలాడితే లోతు తగ్గించండి.

పైట చెంగు దోపుకుని, జడ ముడి వేసుకుని, గాజులు తీసి మరీ యంత్రం దగ్గరికి వెళ్ళండి. కళ్ళకు అద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. చెక్క ధూళి క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో తేల్చింది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. యంత్రం తిరుగుతున్నంతసేపూ అక్కడే ఉండండి.

వాళ్ళకి నా డబ్బుతో కొత్త టేకు కొని చెక్కిచ్చాను. మాడిన పలక మాత్రం యంత్రం పైన గోడకి తగిలించుకున్నాను. పాలు పొంగినా సరే, ముందు యంత్రం ఆపి, తర్వాతే వంటింట్లోకి వెళ్తున్నాను. సెలవు.