విచారణ ఖైదీ

నేరం రుజువు కాలేదు, శిక్షా పడలేదు. అయినా తీర్పు కోసం జైల్లోనే ఎదురుచూసేవారు విచారణ ఖైదీలు. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలో ఉన్న 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది వీళ్లే. నలుగురిలో ముగ్గురన్నమాట!

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్ ప్రకారం, గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపినవారు బెయిల్‌కు అర్హులు. గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివారికి మూడో వంతు చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఈ వెసులుబాటు లేదు. గడువు రాగానే జైలు సూపరింటెండెంటే కోర్టుకు దరఖాస్తు చేయాలి. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఆ ఏడాది ఆగస్టులోనే తేల్చింది.

అసలు చిక్కు జామీను (పూచీకత్తు) దగ్గరే. జనగామ జిల్లా నర్మెట్టలో గుంట భూమి లేని కూలీకి బెయిల్ వచ్చిందనుకోండి. పట్టా పాస్‌బుక్కో, ఇంటి పన్ను రశీదో పట్టుకుని, ఆ రోజు పని మానుకుని, జనగామ దాకా వచ్చి సంతకం పెట్టేదెవరు? పేదవాడికి పేదవాళ్లే చుట్టాలు. బెయిలిచ్చాక 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు అధికారులు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ సంగతి ఊళ్లలో ప్రతి ఇంటికీ తెలియాలి.

ఏళ్ల తర్వాత నిర్దోషిగా బయటికొస్తే? కూలి పోయింది, అప్పు పెరిగింది, ‘జైలుకెళ్లొచ్చాడు’ అన్న మాట మాత్రం మిగిలింది. పోయిన కాలానికి పరిహారమిచ్చే ప్రత్యేక చట్టం మనకు లేదు. తప్పుడు కేసుల్లో నలిగినవారికి పరిహారమిచ్చేలా చట్టంలో నిబంధన చేర్చాలని లా కమిషన్ 2018లోనే తన 277వ నివేదికలో సిఫారసు చేసింది.