గసగసాలకు వీసా లేదు

భిలాయ్ స్టీల్ టౌన్‌షిప్‌లోని తెలుగు ఇంట్లో కూతురి పురుటికి దుబాయ్ బయల్దేరే తల్లి పెట్టె ఒక్క రోజులో సర్దుకోదు. ఆవకాయ సీసాకు రెండు ప్లాస్టిక్ సంచులు, పసుపు కుంకుమలు, పూజకు తమలపాకులు, కోడికూరలోకి గసగసాలు. చివరి రోజు పక్కింటావిడ వస్తుంది: ‘‘వదినగారూ, మా వాడికీ ఓ చిన్న పొట్లం.’’ బరువు సరిపోతే అదీ లోపలికి పోతుంది. వీటిలో తమలపాకులు, గసగసాలు రెండూ యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో నిషిద్ధమని ఎవరికీ తట్టదు.

తమలపాకులు పోతే పోయాయనుకోవచ్చు. గసగసాలు అలా కాదు. నల్లమందు తీసే మొక్క గింజలే ఇవి. మత్తంతా కాయ మీద గాటు పెడితే కారే పాలలో ఉంటుంది, గింజలో కాదు. కానీ కోతలో ఆ పాలు అంటుకుని గింజల మీద మార్ఫిన్ ఆనవాళ్లు మిగలవచ్చు. భారత చట్టం దీన్ని పట్టించుకోలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గసగసాల మొక్క ఎండు భాగాలన్నిటినీ అదుపులో పెట్టి, గింజలను మాత్రం పేరుపెట్టి మినహాయించింది. 2000 దాకా ఛత్తీస్‌గఢ్ అంతర్భాగంగా ఉన్న మధ్యప్రదేశ్‌లోనే, మంద్‌సౌర్, నీమచ్ జిల్లాల్లో, కేంద్రం లైసెన్సుతో ఈ పంట పండుతుంది. భిలాయ్‌లో తెలుగువారి మసాలాకూ, పక్క క్వార్టర్లో బెంగాలీల పోస్తోకూ అదే గింజ.

అందుకే రాయపూర్‌లో గానీ, ముంబయిలో గానీ ఎవరూ ఆపరు. ముంబయి నుంచి మూడు గంటల ప్రయాణం తర్వాత అదే పొట్లం నేరమవుతుంది. 1995 నాటి ఎమిరేట్స్ చట్టం ప్రకారం మాదకద్రవ్యం దగ్గరుంటే కనీస శిక్ష నాలుగేళ్లు. లండన్ హీత్రూ విమానాశ్రయంలో తిన్న రొట్టె నుంచి బట్టల మీద రాలిన మూడు గసగసాల వల్ల ఒక స్విట్జర్లాండ్ పౌరుడికి అక్కడ నాలుగేళ్ల జైలు పడిందని 2008లో బ్రిటిష్ పత్రికలు రాశాయి. 2022 జనవరిలో అమల్లోకొచ్చిన కొత్త చట్టం కొంత మెత్తబడింది. గంజాయి కలిసిన తినుబండారాలతో తొలిసారి దొరికినవారి సరుకు స్వాధీనం చేసుకుని వదిలేసే వీలు కల్పించింది. గసగసాలపై నిషేధం మాత్రం పోలేదు.

పోపులపెట్టె కన్నా మందుల డబ్బాతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రిటైరైన ప్లాంటు ఉద్యోగి మోకాళ్ల నొప్పికి ట్రమడాల్, షుగరు వల్ల వచ్చే నరాల మంటకు ప్రీగబాలిన్, నిద్రకు ఆల్ప్రజోలం, దగ్గుకు కోడీన్ ఉన్న సిరప్ వాడుతుండవచ్చు. ఈ నాలుగూ ఎమిరేట్స్‌లో నియంత్రిత మందులే. తీసుకెళ్లవచ్చు, కానీ డాక్టరు చీటీ ఉండాలి, అక్కడి అధికారుల నుంచి ఇంటర్నెట్‌లో ముందే అనుమతి పొందాలి. అట్ట చించేసి, విడి మాత్రలను పాత సీసాలో పోసుకెళ్లే మన అలవాటు అక్కడ పనికిరాదు. హోదా కూడా కాపాడదు. 2015లో టయోటా సంస్థ ఉన్నతాధికారిణి ఒకరు, అమెరికా నుంచి పార్సిల్లో ఆక్సికోడోన్ మాత్రలు తెప్పించుకున్నందుకు టోక్యోలో అరెస్టయి పదవి వదులుకున్నారు.

అమెరికా వెళ్లేవారికి లెక్క వేరు. అక్కడ గసగసాలు దుకాణంలో దొరుకుతాయి. మాంసం పచ్చడి మాత్రం రానివ్వరు. అయితే ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే పోయేది పచ్చడే, దాస్తే జరిమానా.

పక్కింటి పొట్లం దగ్గరే మొహమాటం అడ్డొస్తుంది. విప్పి చూస్తే ఏమనుకుంటారో అని. 2019 జూలైలో ముంబయి దంపతులు బంధువు కానుకగా ఏర్పాటు చేసిన హనీమూన్ యాత్రకు ఖతార్ వెళ్లారు. ఆమె చేర్చమన్న పొట్లంలో దోహా విమానాశ్రయ అధికారులకు 4.1 కిలోల చరస్ దొరికింది. పదేళ్ల శిక్ష పడింది. కుటుంబసభ్యుల ఫిర్యాదుపై భారత మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ తవ్వితే, వారిద్దరికీ ఏమీ తెలియదని తేలింది. నిర్దోషులుగా 2021 ఏప్రిల్‌లో ముంబయి చేరారు. వెళ్లినప్పుడు ఆమె గర్భిణి. తిరిగొచ్చేటప్పుడు చంకలో ఉన్న పాప జైల్లో పుట్టింది.