చిన్న విమానానికి కొత్త పరికరాలు ఎలా అమరుస్తారు?

సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు మన హాస్టల్ ఆవరణలో కూర్చున్నప్పుడు విమానం చప్పుడు వినిపిస్తే తల పైకెత్తని వాళ్ళు ఎవరున్నారు? పొరుగున ఉన్న బీదర్‌లో వైమానిక దళ స్థావరం ఉంది. సూర్యకిరణ్ విన్యాసాల బృందం 1996లో ఏర్పడింది అక్కడే. చిన్నప్పుడు మేము "దాన్ని ఎవరు నడుపుతారు?" అని మాత్రమే అడిగేవాళ్ళం. కాలేజీకి వెళ్ళాక ఇంకో ప్రశ్న పుట్టింది. "నడిపేవారికి ఎత్తు, వేగం, దిక్కు చెప్పే పరికరాలను ఎవరు బిగిస్తారు?" ఈ వ్యాసంలో ఆ సంగతి తెలుసుకుందాం.

ఏవియానిక్స్ అంటే ఏమిటి?

విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాలన్నిటినీ కలిపి ఏవియానిక్స్ అంటారు. పాత చిన్న విమానాల్లో పైలట్ ఎదురుగా ఆరు గుండ్రని మీటర్లు ఉండేవి. వేగం, ఎత్తు, ఎక్కే దిగే రేటు చెప్పే మూడు మీటర్లు గాలి పీడనంతో పనిచేస్తాయి. విమానం ఎటు వాలింది, ఏ దిక్కుకు పోతోంది, ఎంత తిరుగుతోంది అని చెప్పే మూడింటిలో గైరోస్కోపు, అంటే వేగంగా తిరిగే చక్రం ఉంటుంది. ఈ చక్రాల్లో కొన్నిటిని తిప్పడానికి ఇంజనుకు ఒక వాక్యూమ్ పంపు తగిలిస్తారు. పంపు చెడిపోతే చక్రం వెంటనే ఆగదు, మెల్లగా వేగం తగ్గుతుంది. మీటరు కొద్దికొద్దిగా తప్పు చూపిస్తుంది. అసలు ప్రమాదం ఇదే. పూర్తిగా ఆగిపోయిన గడియారం కన్నా నెమ్మదిగా నడిచే గడియారమే ఎక్కువ మోసం చేస్తుంది కదా!

కొత్త పద్ధతిలో తిరిగే చక్రాలకు బదులు చిన్న సెన్సార్లు ఉంటాయి. సమాచారమంతా ఒకటి రెండు తెరల మీద కనబడుతుంది. దీన్నే గ్లాస్ కాక్‌పిట్ అంటారు.

మన దేశపు ఉదాహరణ: హంస

బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వారు రెండు సీట్ల శిక్షణ విమానం హంసను తయారు చేశారు. అది 1993 నవంబరులో మొదటిసారి ఎగిరింది. దాని శరీరం లోహంతో కాక ఫైబర్ మిశ్రమంతో చేసినది. అదే కుటుంబంలోని కొత్త విమానం హంస-ఎన్‌జీ 2021 సెప్టెంబరు 3న మొదటిసారి ఎగిరింది. ఇందులో గ్లాస్ కాక్‌పిట్, కంప్యూటర్ నియంత్రణలో పనిచేసే రోటాక్స్ ఇంజను ఉన్నాయి. 2022లో దీన్ని పుదుచ్చేరిలో సముద్ర మట్టం దగ్గర పరీక్షించారు. చెళ్ళకెరెలో గాలిలో ఉండగానే ఇంజను ఆపి తిరిగి వెలిగించి చూశారు. కొత్త వస్తువును నమ్మే ముందు ఇంత పరీక్ష ఉంటుంది.

బిగించే విధానం

పాత విమానంలో కొత్త తెర పెట్టడం మన గదిలో టీవీ పెట్టినంత సులువు కాదు.

మొదటిది అనుమతి. ఆ పరికరాన్ని ఆ రకం విమానంలో వాడవచ్చని ఆమోదం ఉండాలి. మన దేశంలో ఈ వ్యవహారాలు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ చూస్తుంది.

రెండోది బరువు. కావడి మోసేవారికి ఒక వైపు బరువు తగ్గితే ఏమవుతుందో మనకు తెలుసు. విమానమూ అంతే. ముందు భాగం నుంచి 9 కిలోల పాత సామాను తీసి 5 కిలోల కొత్త సామాను పెట్టారనుకుందాం. 4 కిలోలు తగ్గాయని సంతోషిస్తే చాలదు. గరిమనాభి తోక వైపు జరుగుతుంది. అది హద్దు దాటితే విమానం అదుపులో ఉండదు. అందుకే తీసిన ప్రతి వస్తువునూ, పెట్టిన ప్రతి వస్తువునూ తూచి, దూరంతో గుణించి లెక్క కడతారు. పదో తరగతి లోపు మనం చదివిన పాఠమే ఇది.

మూడోది కరెంటు. బోరు మోటారు వేయగానే హాస్టల్ లైట్లు మసకబారడం మనమంతా చూశాం. ఆల్టర్నేటర్ 20 ఆంపియర్లు ఇస్తుందనుకుందాం. లైట్లకు, పంపుకు 11, కొత్త పరికరాలకు 7 కలిపి 18 అవుతాయి. సరిపోయినట్టే కనబడుతుంది. కానీ రేడియోలో మాట్లాడేటప్పుడు అది ఇంకా ఎక్కువ లాగుతుంది. ఆ లెక్క కూడా వేయాలి. ఆల్టర్నేటర్ ఆగిపోతే తెర ఆరిపోకుండా అదనపు బ్యాటరీ ఉండాలి.

నాలుగోది తీగలు, యాంటెనాలు. దిక్కు చెప్పే సెన్సారును ఇనుముకు, కరెంటు తీగలకు దూరంగా పెట్టాలి. ఫైబర్ శరీరం విద్యుత్తును ప్రవహింపనీయదు కాబట్టి కొన్ని యాంటెనాల కింద లోహపు రేకు అమర్చాలి.

చివరిది పరీక్ష. గాలి గొట్టాల్లో లీకు ఉందేమో చూస్తారు. రాడార్‌కు జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్ సరైన ఎత్తు చెబుతోందో లేదో పరీక్షిస్తారు. విమానాన్ని నేల మీద 30 డిగ్రీల చొప్పున తిప్పుతూ దిక్సూచి తేడాలను ఒక చిన్న కార్డు మీద రాస్తారు. అవును, ఎంత ఖరీదైన తెర వచ్చినా పాత దిక్సూచి ఉండాల్సిందే! దానికి కరెంటు అక్కరలేదు మరి.

ఆ ఒక్క సంతకం

ఇదంతా అయ్యాక లైసెన్సు ఉన్న ఇంజనీరు లాగ్‌బుక్‌లో సంతకం చేస్తారు. ఆ సంతకం లేకుండా విమానం ఎగరకూడదు. పైలట్ ప్రాణం ఆ సంతకం మీద ఆధారపడి ఉంటుంది.

తమ్ముళ్ళూ, ఆ సంతకం మనం కూడా చేయవచ్చు. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవారు విమాన నిర్వహణ ఇంజనీరింగ్ శిక్షణలో చేరవచ్చు. డీజీసీఏ పరీక్షలు పాసై, పని అనుభవం చూపిస్తే లైసెన్సు వస్తుంది. ఏవియానిక్స్ వారిది బి2 విభాగం.

ఒక్క హెచ్చరిక. మా కన్నా ముందు బ్యాచ్ అన్న ఒకరు ప్రకటన చూసి ఒక సంస్థలో చేరాడు. వాళ్ళ నాన్న ఎడ్లను అమ్మి ఫీజు కట్టాడు. ఆ సంస్థకు అనుమతి లేదని తెలిసేసరికి రెండేళ్ళు గడిచిపోయాయి. ఆ డబ్బు తిరిగి రాలేదు. అన్న ఇప్పుడు ఎవరు చేరతానన్నా మొదట ఒక మాటే అడుగుతాడు: "డీజీసీఏ జాబితాలో ఆ సంస్థ పేరు చూశావా?"

విమానానికైనా మన చదువుకైనా సూత్రం ఒక్కటే. కాగితం చూడాలి, బరువు లెక్క కట్టాలి, పరీక్షించాలి, ఆ తర్వాతే ఎగరాలి. ఈసారి చప్పుడు వినిపించి తల పైకెత్తినప్పుడు లాగ్‌బుక్‌లోని ఆ సంతకాన్ని కూడా గుర్తు చేసుకోండి.