వంటింటి లెక్కతో పెరటి మళ్లు

తొలకరి పడగానే పది రకాల విత్తనాల పొట్లాలు కొనుక్కొచ్చి, పెరట్లో ఖాళీ కనబడిన చోటల్లా చల్లేస్తాం. నెల తిరిగేసరికి తోటకూర వీధంతా పంచినా తరగదు. ఆ తర్వాత రెండు నెలలు కోసుకుందామంటే పిడికెడు ఆకు ఉండదు. బీరతీగ వంగమొక్కల మీదికి పాకుతుంది. మిరపకు ఎండ తగలదు. మధ్యలో ఉన్న బెండకాయ కోయాలంటే కాలు పెట్టే జాగా దొరకదు. పెరడు మరీ చిన్నదైపోయిందని సరిపెట్టుకుంటాం. చోటు ఉన్నంతలో సరిపోయేదే. ఏది ఎక్కడ, ఎప్పుడు, ఎంత వేయాలన్న లెక్కే కుదరలేదు.

ఆ లెక్క వంటింట్లో మొదలవ్వాలి. మనిషికి రోజుకు పండ్లు, కూరగాయలు కలిపి కనీసం 400 గ్రాములు కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నలుగురున్న ఇంటికి రోజుకు 1,600 గ్రాములన్నమాట. ఇంటి వెనక 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు నేలలో అదంతా పండించలేం. కాబట్టి ఎంచుకోవాలి. కోసిన గంటలోనే వాడిపోయేవి, రోజూ కొంచెం కొంచెంగా కావలసినవి పెరటికి తగినవి. ఆకుకూరలు, పచ్చిమిర్చి, కొత్తిమీర, కరివేపాకు, లేత బెండ, వంగ, పందిరి మీద ఒకటో రెండో తీగలు. ఉల్లి, బంగాళదుంప బజారుకే వదిలేయండి. క్యాబేజీ కూడా. దాదాపు మూడు నెలలు ఒకటిన్నర అడుగుల జాగా ఆక్రమించి, చివరికి ఒక్క గడ్డ ఇచ్చే మొక్కకు చిన్న పెరట్లో చోటివ్వడం దండగ.

నీడ ఎటు పడుతుంది?

మన ఊళ్లలో తూర్పు ముఖం ఇళ్లు ఎక్కువ. అంటే పెరడు ఇంటికి పడమట ఉంటుంది. పొద్దున చాలాసేపు ఇంటి నీడలోనే ఉండి, మధ్యాహ్నం నుంచి ఎండ సూటిగా తింటుంది. కాయకూరలకు రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. ఆకుకూరలు నాలుగు గంటలతో సర్దుకుంటాయి. అందుకే పడమటి గోడ పక్క మడిని ఆకుకూరలకు కేటాయించమంటాను. సాయంత్రం ఎండను గోడ కొంత అడ్డుకుంటుంది, వేసవిలో ఆకు వడలకుండా ఉంటుంది.

దక్షిణపు గోడ సంగతి చాలామంది చూసుకోరు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి బాగా వాలతాడు. విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఆ నెలలో నడిమధ్యాహ్నం కూడా అయిదడుగుల గోడ నాలుగడుగులకు పైగా నీడ పరుస్తుంది. అక్కడ టమాటా నాటితే చలికాలమంతా పొడుగ్గా సాగి, కాయ మాత్రం నిలవదు. ఆ నాలుగడుగుల పట్టీలో చేమ, పసుపు, అల్లం వేసుకోవచ్చు, అవి కాస్త నీడ ఓర్చుకుంటాయి. ఎరువు గుంత కూడా అక్కడే తవ్వుకోవాలి.

పందిరి ఉత్తరపు అంచున ఉండాలి. మే తొలి వారం నుంచి ఆగస్టు తొలి వారం దాకా సూర్యుడు మన నెత్తి మీదుగా కొంచెం ఉత్తరానికి జరుగుతాడు, అప్పుడు మాత్రం పందిరి నీడ మళ్ల వైపు పడుతుంది. ఆ ఎండల్లో ఆ కొద్దిపాటి నీడ మేలే చేస్తుంది. మునగ వేయాలనిపిస్తే అదీ ఉత్తరపు మూలనే. దక్షిణాన నాటిన మునగ రెండేళ్లలో సగం పెరటిని మింగేస్తుంది.

మడి కొలత మన చేయి కొలత

దక్షిణాన నీడ పట్టీకి నాలుగు, ఉత్తరాన పందిరికి నాలుగు అడుగులు పోగా పొడవులో 12 అడుగులు మిగిలాయి. ఇంటి వైపు మూడడుగులు అంట్లకీ, బట్టలు ఆరేయడానికీ వదిలేద్దాం. మిగిలిన చోట ఉత్తర దక్షిణాలుగా మూడు మళ్లు పడతాయి. ఒక్కోటీ మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, చుట్టూ అడుగు దారి. మడి ఎప్పుడూ నాలుగడుగుల వెడల్పు దాటకూడదు. దాటితే నడుమ ఉన్న మొక్క చేతికందక మడిలో కాలు పెడతాం. తొక్కిన మట్టి గట్టిపడి వేళ్లకు గాలి ఆడదు, నీళ్లు ఇంకవు. దారి కోసం వదిలిన జాగా వృథా అని బాధపడేవాళ్లను చూశాను. ఆ దారి వల్లే మడి గుల్లగా ఉంటుంది, పంట కూడా దాని వల్లే వస్తుంది.

మడి ఎత్తు ఊరిని బట్టి ఉండాలి. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్లకు నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది కాబట్టి అరడుగు నుంచి ముప్పావు అడుగు ఎత్తు లేపాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే అనంతపురం వైపు అదే ఎత్తు మడి రెండు రోజులకే ఎండిపోతుంది. అక్కడ మడిని పల్లంగా చేసి చుట్టూ గట్టు వేయాలి, పడిన ప్రతి చుక్కా మొక్క మొదట్లో ఆగాలి. వీడియోల్లో చెక్కలు బిగించిన ఎత్తు మళ్లు చూసి సీమలోనూ కట్టేస్తున్నారు. అందంగానే ఉంటాయి, నీళ్లు మాత్రం రెట్టింపు తాగుతాయి.

ఎకరాకు పది టన్నుల పశువుల ఎరువు లెక్కన ఇలాంటి మడికి ఏడు కిలోలు చాలు. బాగా చివికినదై ఉండాలి. పచ్చి పేడ వేస్తే చెద పురుగును పిలిచినట్టే.

వారానికో పట్టీ

పడమటి మడిని రెండేసి అడుగుల చొప్పున అయిదు పట్టీలు చేసి, వారానికి ఒక్క పట్టీలోనే విత్తనం చల్లండి. తోటకూర నాలుగు వారాల్లో కోతకొస్తుంది. అయిదో పట్టీ చల్లే వారానికి మొదటి పట్టీ ఆకు కూరలోకి వస్తుంది. అది ఖాళీ అవగానే రెండు గుప్పెళ్ల ఎరువు కలిపి గోంగూరో మెంతికూరో వేయాలి. వేసిందే మళ్లీ వేయకుండా ఉంటే పురుగు స్థిరపడదు. ఈ ఒక్క అలవాటుతో ఏడాదిలో చాలా వారాలు ఇంట్లో ఆకుకూర కొనే పని ఉండదు.

నడిమి మడి వంగ, మిరప, టమాటాలకు. మూడూ ఒకే కుటుంబానివి, వాటి తెగుళ్లూ చాలావరకు ఒకటే. మరుసటి ఏడు వాటిని ఇంటివైపు మడికి మార్చి, ఇక్కడ గోరుచిక్కుడు, అలసంద వేస్తే నేలకు నత్రజని చేరుతుంది. వంగకు మొక్కకూ మొక్కకూ రెండడుగులు ఇవ్వాలి. నలుగురికి నాలుగు మొక్కలు చాలు. నారు కట్టలో పాతిక వచ్చాయని పాతికా నాటకండి.

టమాటాతో మనసు కష్టపెట్టుకునేది ఎండాకాలంలోనే. 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటినప్పుడు, పెరట్లో ఉంటే బాగుండేదని ఎందరో అనుకున్నారు. ఎండ ముదిరి రాత్రిళ్లు కూడా వేడిగా ఉంటే టమాటా పూత రాలిపోతుంది, అది పొలమైనా పెరడైనా అంతే. సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటి చలికాలమంతా కోసుకోవడమే దారి. వేసవిలో పప్పులోకి పులుపు గోంగూర ఇస్తుంది, అది ఎండకు జంకదు.

పందిరి చిక్కుడు జూన్, జులైల్లో పెట్టినా పగలు పొట్టివైతే గానీ పూయదు. తొందరపడి తీగ పీకేయకండి, చలికాలంలో గెలలు గెలలుగా కాస్తుంది. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పిందెలు పసుపుబారి రాలుతుంటే మందు వెతకకుండా, పొద్దుగూకే వేళ మగపువ్వు కోసి ఆడపువ్వుకు తాకించి చూడండి. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, గుర్తుపట్టడం పిల్లలకు కూడా తేలికే. ఆ పని వాళ్లకే అప్పగిస్తే మరీ మంచిది.

ఈ ఆదివారం విత్తనాల కొట్టుకు వెళ్లొద్దు. ఒక టేపు, నాలుగు పుల్లలు, పురికొస పట్టుకుని పొద్దున తొమ్మిదికి, పన్నెండుకు, మూడింటికి పెరట్లో నిలబడండి. నీడ ఎక్కడిదాకా వచ్చిందో పుల్ల గుచ్చండి, మళ్లకు తాడు కట్టండి. ఇంట్లో వంట చేసేవాళ్లను కూర్చోబెట్టి వారానికి ఏ కూర ఎన్నిసార్లు వండుతారో రాయించుకోండి. విత్తనాలు ఆ కాగితం చూసి వచ్చే వారం కొనండి.