వెలుతురు తిని బతికే ఆల్చిప్పలు

ఆల్చిప్ప అనగానే ఒడ్డున ఇసుకలో దొరికే బూడిదరంగు గుల్ల మనసులో మెదులుతుంది గానీ, పసిఫిక్, హిందూ మహాసముద్రాల పగడపు దిబ్బల్లో పెరిగే ట్రైడాక్నా ఆల్చిప్పలు చిప్పలు విప్పినప్పుడు వాటి అంచుల మీదికి నీలం, ఆకుపచ్చ, ఊదా, బంగారు రంగుల మెత్తని కండ పట్టుబట్టలా పరుచుకుంటుంది. వీటిలో అతి పెద్దదైన గైగాస్ మీటరు పొడవును మించి 200 కిలోలకు పైగా తూగుతుంది. ఇంటి ఉప్పునీటి తొట్టెల్లో పెంచేవి జానెడు దాటని క్రోసియా, దానికన్నా పెద్దవైన మాక్సిమా, స్క్వామోసా, డెరాసా జాతులు.

ప్రావారం అనే ఆ రంగుల కండలో సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి కనిపించని ఏకకణ నాచుజీవులు, లక్షల సంఖ్యలో కాపురముంటాయి. అవి కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసే చక్కెరల్లో అధికభాగం ఆల్చిప్పకు ఆహారమవుతుంది. ఆల్చిప్ప విసర్జించే అమ్మోనియా శైవలాలకు ఎరువవుతుంది. అదే కండలో ఉండే మెరుపు కణాలు కొన్ని తరంగదైర్ఘ్యాల కాంతిని లోపలి శైవలాలకు పంచి, మిగిలిన దానిని వెనక్కి తిప్పికొడతాయి. ఆ తిరిగివచ్చే కాంతే చూపరులను ఆకట్టుకునే రంగు. అందువల్ల తొట్టెలో దీపం అలంకారం కాదు, అన్నం. క్రోసియా, మాక్సిమాలకు ఆ వెలుతురు మరీ ఎక్కువగా కావాలి.

దీపం తరువాతి స్థానం నీటిది. చిప్ప పెరగాలంటే లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాముల కాల్షియం, దానికి తోడు తగినంత క్షారత నీటిలో ఉండాలి. ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య, లవణీయత లీటరుకు సుమారు 35 గ్రాముల వద్ద నిలకడగా సాగాలి. నీరు ఆవిరైనా ఉప్పు తొట్టెలోనే మిగిలిపోతుంది కనుక, తగ్గిన మేరకు ఉప్పునీటిని కాక శుద్ధిచేసిన మంచినీటినే పోయాలి. ఈ నిలకడ కొత్త తొట్టెలో కుదరదు గనుక, కనీసం ఆరు నెలలు నడిచి కుదురుకున్న తొట్టెలోనే ఆల్చిప్పను దించడం మేలు.

క్రోసియా, మాక్సిమాలు రాతిని, డెరాసా, స్క్వామోసాలు ఇసుక పరుపును ఇష్టపడతాయి. అడుగునుంచి వచ్చే పట్టుదారాల వంటి పోగులతో రాతిని పట్టుకున్న ఆల్చిప్పను బలవంతంగా లాగితే ఆ పోగులు పుట్టే చోటు చిరిగి, ప్రాణానికే ముప్పు వస్తుంది. ప్రావారాన్ని కొరికే ఏంజెల్, బటర్‌ఫ్లై చేపలను దూరంగా ఉంచాలి. చిప్ప అంచున చేరి రసం పీల్చే, బియ్యపు గింజంత నత్తలను రాత్రివేళ వెదికి ఏరివేయాలి.

ఆల్చిప్ప క్షేమం తెలుసుకోవడానికి పరికరం అక్కరలేదు. ప్రావారపు అంచున వరుసగా ఉన్న సూక్ష్మ నేత్రాలు నీడను పసిగడతాయి కనుక, తొట్టెపై చెయ్యి అడ్డుపెట్టగానే కండను ముడుచుకొనేది ఆరోగ్యంగా ఉన్నట్టు; చిప్ప అంచున కొత్తగా తెల్లని గీత కనిపిస్తే అది ఎదుగుతున్నట్టు. నీడ పడినా చలించక, నోరు తెరుచుకొని ఉండిపోయేది ఆపదలో ఉన్నట్టే.

లక్షదీవులు, అండమాన్ నికోబార్ దిబ్బల్లోనూ ఈ ఆల్చిప్పలు ఉన్నాయి గానీ, వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణలో ఉన్న వాటిని సముద్రం నుంచి తీయడం నేరం. దేశాల మధ్య వీటి వ్యాపారమూ సైటిస్ ఒప్పందపు అనుమతులకు లోబడినదే. పలావు వంటి ద్వీపదేశాల్లో గుడ్ల నుంచి పెంచిన పిల్లలు అక్వేరియాల కోసం ఎగుమతి అవుతున్నాయి. కనుక రంగు చూసి ముచ్చటపడే ముందు, ఆ ఆల్చిప్ప ఎక్కడ పుట్టిందో తెలిపే పత్రాలు చూడాలి. అవి లేని ఆల్చిప్పను కొనకూడదు.